పిన్ నంబర్ మార్చాను, మావాడు నాతో మాట్లాడటం మానేశాడు

చెరువుగట్టు_భీమవరం
మావాడికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. నాకు భీమవరం అవతల ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. పట్టుబడి దగ్గరపడే రోజుల్లో రాత్రిళ్ళు గట్టు మీదే పడుకుంటాను. కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుంది. ఇంట్లో మా ఆవిడ, మా అమ్మ, వాడు ఉంటారు.

పోయిన వారం మేత కొట్టుకి డబ్బులు పంపుదామని మా ఆవిడ ఫోన్ తీస్తే ఖాతాలో 6,240 రూపాయలు తక్కువున్నాయి. ఒకసారి 80, ఒకసారి 160, ఒకసారి 400. మూడు వారాల నుంచి కారుతూనే ఉంది. అడిగితే ఏదో తుపాకుల ఆటలో డైమండ్లు కొన్నానన్నాడు. వాటితో బొమ్మకి చొక్కాలు, తుపాకీకి రంగులు వస్తాయట. పిన్ ఎలా తెలిసిందిరా అంటే నేల చూపులు. తర్వాత వెలిగింది, మేం పెట్టుకున్న పిన్ వాడు పుట్టిన సంవత్సరమే.

రెండు దెబ్బలు వేశాను. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను, పిన్ మార్చాను. ఇవాళ్టికి ఆరు రోజులు, నాతో మాట లేదు. "మామ్మా, నాన్న చెరువు దగ్గరకి వెళ్ళిపోయాడా" అని మా అమ్మని అడుగుతున్నాడు. అంటే నేను గడప దాటితే గదిలోంచి బయటకి వస్తాడన్నమాట. పిల్లల చేత ఈ ఆటలు పూర్తిగా మానిపించినవాళ్ళు ఉంటే ఎలా మానిపించారో చెప్పండి. నీతులు వద్దు.

దింపుకాయ
నీతులు వద్దంటే ఇక్కడ సగం మంది చేతులు కట్టేసినట్టేనండి.

లాకుల_రాజు
ఇందులో సలహా ఏముంది? ఫోన్ ఇవ్వకండి. మా ఇద్దరికీ పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో బటన్ల ఫోన్ ఒక్కటే. మొదట నెల గోల చేశారు, తర్వాత మర్చిపోయారు. మీరు ఆరు రోజులకే బెంగపడితే వాడు గెలిచినట్టే. ఇంకో నెల ఆగండి, వాడే వస్తాడు.

నూబ్_కాకినాడ
ఆట పేరేంటండీ?

చెరువుగట్టు_భీమవరం
పేరు తెలీదండి. తుపాకులది. పైనుంచి గొడుగులేసుకుని దిగుతారు.

నూబ్_కాకినాడ
6,240 పోయిన ఆట పేరు తెలీదా! మేత కంపెనీ పేరు తెలుసు కదండీ?

చెరువుగట్టు_భీమవరం
వెటకారం వద్దు బాబూ, అసలే మండిపోయి ఉన్నాను.

సెంటర్_సెల్‌షాపు
నాది రావులపాలెం దగ్గర రీచార్జి కొట్టు, తొమ్మిదేళ్ళయింది. ఇది నేను చెప్పకూడదేమో గానీ చెప్తాను. బడి వదిలాక సాయంత్రం నాలుగున్నరకి సైకిళ్ళ మీద వస్తారు. చేతిలో చెమటకి తడిసిన పది రూపాయల కాగితాలు. "అంకుల్, 80 కి కొట్టండి" అని ఆటలో వాళ్ళ ఐడీ నంబరు పాఠం అప్పజెప్పినట్టు చెప్తారు. సొంత ఫోన్ నంబరు గుర్తుండనివాడికి కూడా ఐడీ కంఠతా వస్తుంది. నా ఖాతాలోంచి కొట్టి కాగితాలు తీసుకునేవాణ్ణి, అయిదు రూపాయలు మిగిలేది.

ఒకరోజు ఒకడు అన్నీ రూపాయి, రెండు రూపాయల బిళ్ళలే తెచ్చాడు. లెక్కపెడుతుంటే కుంకుమ అంటుకుంది చేతికి. దేవుడి దగ్గర పెట్టిన డబ్బా పగలగొట్టాడన్నమాట. ఆ రోజు నుంచి ఆపేశాను. బోర్డు కూడా పెట్టాను, "పెద్దవాళ్ళు వస్తేనే". బేరం పక్క కొట్టుకి పోయింది, అది వేరే సంగతి.

నే చెప్పేది ఏంటంటే, మీ పిన్ మార్చినంత మాత్రాన అయిపోలేదు. నగదుతో కూడా కొంటారు. మీ వీధి కొట్టువాణ్ణి ఒకసారి పలకరించండి.

కాలవగట్టు_పెద్దాయన
మా రోజుల్లో ఇవేం ఉన్నాయి? బడి వదిలితే కాలవలో పడేవాళ్ళం. వంతెన మీంచి దూకడం, అవతల గట్టు తోటలో మామిడికాయలు కోసుకోవడం. కాలవలు కట్టేసిన వేసవిలో బురదలో చేపలు పట్టడం. ఒంట్లో కొవ్వు ఉండేది కాదు, మనసులో దిగులు ఉండేది కాదు. కుర్రాణ్ణి నీళ్ళలోకి దింపండి, ఫోన్ వాడే మర్చిపోతాడు.

లంక_కోడలు
పెద్దాయనా, ఆ కాలవలోనే మా మేనత్త కొడుకు పోయాడండి. పదకొండేళ్ళు. మా ఊళ్ళో వంతెన దగ్గరకి పిల్లల్ని ఇప్పటికీ ఒంటరిగా పంపం.

కాలవగట్టు_పెద్దాయన
అయ్యో. తప్పుగా అనుకోకమ్మా, ఈత నేర్పించి అనే నా ఉద్దేశం.

దింపుకాయ
2022 మే నెలలో మన కోనసీమలో నెట్ ఆపేశారు గుర్తుందా? రోజుల తరబడి లేదు. మా వీధి పిల్లలు రెండు రోజులు గోడలకేసి చూశారు, మూడో రోజు అటక మీంచి క్యారమ్స్ బల్ల దించారు. పౌడరు లేకపోతే మా ఆవిడ మొహానికి రాసుకునేది వాడేశారు. నెట్ వచ్చిన గంటకి బల్ల మళ్ళీ అటకెక్కింది.

సాఫ్ట్‌వేరువాళ్ళు సిగ్నల్ కోసం ఏటిగట్టు మీద లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటే అందరూ పాపం అన్నారు. పిల్లలు అక్కడే నిలబడితే మాత్రం వ్యసనం అన్నారు.

నూబ్_కాకినాడ
సరే, వెటకారం మానేసి చెప్తాను. నాకు 19. ఇంటర్ వరకు నేనూ అదే బాపతు. మా నాన్న సరిగ్గా మీరు చేసిందే చేశారు, కాకపోతే బీరువా బదులు బియ్యం డబ్బాలో దాచారు. రెండు రోజుల్లో కనిపెట్టేశాను, ఫోన్‌లోంచి తవుడు దులుపుకోవడానికే ఎక్కువ టైం పట్టింది.

ఈ ఆటల్లో చాలావాటికి మధ్యలో ఆపడం అనేది ఉండదు. టీవీ సినిమాలా పాజ్ కొట్టలేం. నలుగురం ఒక జట్టుగా దిగుతాం. ఒకడు వెళ్ళిపోతే మిగతా ముగ్గురూ వాడి లోటుతోనే ఆడాలి, ఓడిపోతే రేపు బడిలో వాణ్ణే తిడతారు. పెద్ద మ్యాప్ అయితే ఒక్కో ఆట అరగంట, చిన్నదైతే పావుగంటలోపే. నాన్న వచ్చి "ఇప్పుడే కట్టెయ్" అంటారు. అప్పుడు చివర్లో పది మందే మిగిలి ఉంటారు, మాకేమో గుండెలు కొట్టుకుంటుంటాయి. "అయిదు నిమిషాలు నాన్నా" అంటే అది అబద్ధం అనుకుంటారు. అక్కడే గొడవ మొదలు. వాలీబాల్ కోర్టులో ఆడేవాణ్ణి ఆఖరి పాయింటప్పుడు చెయ్యిపట్టుకుని లాక్కొస్తారా?

మా ఇంట్లో గొడవ ఎలా తగ్గిందంటే, మా అక్క గంటలు మానేసి ఆటలు లెక్కపెట్టింది. రోజుకి రెండు ఆటలు, మూడోది మొదలెట్టకూడదు. నేనే ఒప్పుకున్నాను, ఎందుకంటే అది నాకు అర్థమయ్యే లెక్క. ఎప్పుడూ తప్పలేదా అంటే తప్పాను. కానీ తప్పానని నాకు తెలిసేది.

మీ వాడు ఎప్పుడు ఆపగలడో వాణ్ణే అడిగి చూశారా?

లాకుల_రాజు
పిల్లవాణ్ణి అడిగి రూలు పెట్టాలా? రేపు లెక్కల పరీక్షకి ఎన్ని మార్కులు తెచ్చుకుంటావు నాయనా అని కూడా అడుగుదామా? పెద్దవాళ్ళ మాట అంటే మాటే. చైనాలో చూడండి, 2021 నుంచి 18 లోపు పిల్లలకి శుక్ర, శని, ఆదివారాలూ సెలవు రోజులూ తప్ప లేదు, అదీ రాత్రి 8 నుంచి 9 వరకే. ప్రభుత్వమే కట్టేసింది. మనకీ అలాంటిది రావాలి.

నూబ్_కాకినాడ
రాజుగారూ, మన దగ్గర కూడా కొన్ని ఆటలు 18 లోపువాళ్ళకి రోజుకి 3 గంటలే అంటాయి, తల్లిదండ్రుల ఫోన్‌కి ఓటీపీ పంపుతాయి. వయసు అడగగానే మేమందరం 1990లో పుట్టేస్తాం. ఓటీపీ వచ్చే ఫోన్ మామ్మ చీర కొంగులో ఉంటుంది, "మామ్మా ఇలా ఇవ్వు" అంటే ఇచ్చేస్తుంది.

కువైట్_అమ్మ
నేను రాయనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది రాజోలు దగ్గర. ఆరేళ్ళుగా కువైట్‌లో ఇంటి పని. పాప మా అమ్మ దగ్గర ఉంటుంది, పదేళ్ళు. దానికి ఫోన్ కొనిచ్చింది నేనే. వీడియో కాల్‌లో మొదటి రెండు నిమిషాలు "తిన్నావా, చదివావా" అని అడుగుతాను, తర్వాత ఇద్దరికీ మాటలు ఉండవు. అది ఎటో చూస్తూ ఉంటుంది. ఎవరో చెప్తే లూడో పెట్టుకున్నాం. అప్పటినుంచి మాటలే మాటలు. పందెం వేస్తూ బడి సంగతులు, ఎవరు ఎవరితో పోట్లాడారు, అమ్మమ్మ మోకాలి నొప్పి, అన్నీ చెప్పేస్తుంది. నా ఎర్ర గుర్రాన్ని చంపి పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే రోజంతా చాకిరీ చేస్తాను.

రెండు నెలల క్రితం టీచరమ్మ అమ్మని పిలిపించి, మీ పిల్ల మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతోంది, ఫోన్ ఎక్కువైందేమో చూసుకోండి అన్నారట. నేను అమ్మని తిట్టాను. ఏం చూస్తున్నావు, పిల్లని పాడుచేస్తున్నావు అని. అమ్మ ఏమీ అనలేదు, ఏడ్చింది. తర్వాత లెక్కేసుకున్నాను. ఇక్కడ నా పని అయ్యేసరికి రాత్రి 10. అక్కడ అప్పుడు 12:30. పిల్ల మేలుకుని ఉన్నది నాకోసమే.

ఇప్పుడు శుక్రవారం నాకు మధ్యాహ్నం సెలవు, ఆ రోజే రెండు గంటలు ఆడుకుంటాం. మిగతా రోజులు తెల్లారి నాలుగున్నరకి లేచి చేస్తాను, దానికి ఏడు అవుతుంది, జడ వేయించుకుంటూ మాట్లాడుతుంది. ఆట మాన్పించమని నాకు ఎవరూ చెప్పకండి.

దింపుకాయ
ఎవరూ చెప్పరు తల్లీ.

బల్లకట్టు_రేవు
మీ అమ్మగారికి సారీ చెప్పారా మరి?

కువైట్_అమ్మ
చెప్పాను. "ఎందుకులేవే" అంది.

నల్లబల్ల_మాస్టారు
30 మంది పిల్లల్ని రోజూ చూస్తాను కాబట్టి ఒక మాట. ఆట ఆడేవాడికీ, నిద్ర లేనివాడికీ తేడా నాకు మొదటి పీరియడ్‌లో తెలుస్తుంది. ఆడేవాళ్ళలో బాగా చదివేవాళ్ళూ ఉన్నారు. నిద్ర లేనివాడు మాత్రం ఏ ఆట ఆడకపోయినా దెబ్బతింటాడు. అందుకని నేను తల్లిదండ్రులకి ఎన్ని గంటలు ఆడుతున్నాడని అడగను, రాత్రి ఫోన్ ఎక్కడ పడుకుంటుంది అని అడుగుతాను. పిల్లాడి పక్కలోనా, హాల్లోనా?

ఇంకోటి. ప్లే స్టోర్‌లో ప్రతి ఆట పేరు కింద 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు గుర్తు ఉంటుంది. పోయిన మీటింగులో అడిగితే 28 మంది తల్లిదండ్రుల్లో దాన్ని చూసినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకాయన, అది ఆటకిచ్చిన మార్కులు అనుకున్నాడు. 18+ అయితే బాగా మంచి ఆట అని!

దింపుకాయ
😂😂 ఆయన తప్పేముంది మాస్టారూ, మీరే కదా ఎక్కువ మార్కులు మంచివని నేర్పింది.

బల్లకట్టు_రేవు
అసలు ఈ గొడవంతా ఎందుకు? ఆన్‌లైన్ ఆటలన్నీ 2025లో నిషేధించేశారు కదా? పేపర్లో చదివాను.

ప్లీడరు_గుమాస్తా
అన్నీ కాదండి. ఆగస్టు 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటల మీద. పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ని అదే చట్టం విడిగా గుర్తించింది. చెరువుగట్టుగారి అబ్బాయి డైమండ్లు కొన్నది పందెం కిందికి రాదు, తీర్థంలో బొమ్మ కొన్నట్టు. మన రాష్ట్రంలో అయితే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ 2020లోనే నిషేధం.

నిషేధాల మీద ఆశ పెట్టుకోకండి కూడా. పబ్జీని 2020 సెప్టెంబరులో ఆపారు. 2021 జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. అది పోతుంది కదా అని మనం కూర్చుంటే ఈలోపు పిల్లాడికి మీసాలొస్తాయి.

దింపుకాయ
సంక్రాంతికి మూడు రోజులు బరి దగ్గర నిలబడి, కోడి మీద పాతిక వేలు పోగొట్టుకుని, కనుమ సాయంత్రం ఇంటికొచ్చి "ఆటల మీద డబ్బు తగలేస్తావురా" అని కొడుకుని కొట్టే నాన్నలు మా వీధిలో ముగ్గురున్నారు. ఎవర్నీ ఉద్దేశించి కాదు.

చెరువుగట్టు_భీమవరం
నేను కోడి జోలికి వెళ్ళను. చూడ్డానికి వెళ్తాను అంతే.

దింపుకాయ
అందరం చూడ్డానికే వెళ్తామండి.

తణుకు_వాణి
మా అమ్మాయి 14. ఆడపిల్లలు ఆడరని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. హెడ్‌సెట్ పెట్టుకుని గదిలో ఉంటే పాటలు వింటోందనుకున్నాను. ఒకరోజు బట్టలు మడతపెడుతూ దాని మంచం మీద కూర్చున్నాను. హెడ్‌సెట్ వైరు ఊడి స్పీకర్‌లోకి వచ్చింది శబ్దం. ఎవడో, గొంతు ఇంకా సరిగ్గా మారలేదు, అమ్మ పేరు పెట్టి బూతులు. మావి కాలవ గట్టు మీద విన్న చెవులే అయినా నాకు చెమటలు పట్టాయి. ఇది మాత్రం ముఖం కూడా తిప్పకుండా వైరు గుచ్చేసింది.

రాత్రి అడిగితే చెప్పింది. ఐడీ మగపిల్లాడి పేరుతో పెట్టుకుంది. మైకు ఎప్పుడూ ఆన్ చెయ్యదు. ఆడపిల్ల అని తెలిస్తే కొందరు వెంటపడతారట, నంబరు అడుగుతారట. ఏడాది నుంచి ఇది. నాకెందుకు చెప్పలేదే అంటే, "చెప్తే తీసేయిస్తావు కదమ్మా" అంది. నిజమే, నా నోట్లో ఆ మాటే సిద్ధంగా ఉంది.

ఇద్దరం కూర్చుని సెట్టింగులు వెతికాం. దాని ఆటలో గొంతు తెలిసినవాళ్ళకే వినపడేలా పెట్టుకోవచ్చు, కొత్తవాళ్ళ మెసేజీలు ఆపెయ్యచ్చు, ఎవడైనా వాగితే పేరు నొక్కి ఫిర్యాదు చెయ్యచ్చు. నాకు చెయ్యడం రాక కాదు, అలాంటివి ఉంటాయనే తెలీదు. ఇప్పుడు వాళ్ళ క్లాసు అమ్మాయిలు నలుగురు కలిసి ఆడుతున్నారు. ఆ గదిలోంచి ఈ మధ్య అరుపులు వస్తున్నాయి, ఇంతకుముందు చడీచప్పుడూ ఉండేది కాదు.

నల్లబల్ల_మాస్టారు
వాణిగారూ, ఈ ఒక్క పోస్టు ప్రింటు తీసి మీటింగులో చదువుతాను, పేర్లు లేకుండా. సరేనా?

తణుకు_వాణి
చదవండి మాస్టారూ.

లాకుల_రాజు
చూశారా, నేను చెప్పిందే రుజువైంది. అలాంటి చోటికి ఆడపిల్లని ఎందుకు పంపాలి?

తణుకు_వాణి
బస్టాండులో కూడా అలాంటివాళ్ళు ఉంటారండి. బడి మాన్పించనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
వ్యసనం వ్యసనం అని అందరూ వాడేస్తున్నారు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉన్నమాట నిజం, కొత్త జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ ఎక్కువసేపు ఆడితే అది కాదు. ఆట మీద అదుపు పోవాలి, తిండీ చదువూ స్నేహాలూ అన్నిటికంటే ఆటే ముందు కావాలి, నష్టం కళ్ళముందు కనపడుతున్నా ఆపలేకపోవాలి. ఇదంతా మామూలుగా 12 నెలలపాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. మూడు వారాలు డైమండ్లు కొన్నవాడు దొంగతనం చేశాడు, అది తప్పు. రోగి మాత్రం కాదు.

అయితే అన్నం మానేసినా, బడికి పోనన్నా, చచ్చిపోతానని ఒక్క మాట అన్నా తేలిగ్గా తీసుకోకండి. 14416 టెలి మానస్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ మాట అన్న పిల్లాణ్ణి "నాటకాలాడకు" అన్న నాన్నని నేను వార్డు బయట చూశాను. ఇంతకంటే రాయను.

చెరువుగట్టు_భీమవరం
మావాడు తింటున్నాడండి, బడికీ వెళ్తున్నాడు. నాతోనే మాట్లాడ్డు.

లంక_కోడలు
మా ఇంటి సంగతి వేరే రకం. మా బాబుకి 11, మైన్‌క్రాఫ్ట్ పిచ్చి. గడులు గడులుగా ఉండే లోకం, తవ్వుకుంటూ కట్టుకుంటూ పోవడమే. మా మావయ్యగారు ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు, ముప్పయ్యేళ్ళు కాలవ గట్టు మీద నడిచిన మనిషి. ఫోన్ అంటే ఆయనకి ఒళ్ళుమంట. "వాడి కళ్ళు పోతాయి" అని రోజుకి నాలుగుసార్లు.

మొన్న వరదకి లంకలోకి నీళ్ళొచ్చి అందరం మూడు రోజులు డాబా మీదే. బాబు ఆ ఆటలో కాలవ తవ్వుతున్నాడు, నీళ్ళు కొంతదూరం పారి ఆగిపోతున్నాయి. విసుక్కుంటున్నాడు. మావయ్యగారు పక్కన పడక్కుర్చీలో ఉండి, "ఏమైందిరా" అన్నారు. "నీళ్ళు ఏడు గడులే పారుతున్నాయి తాతయ్యా, తర్వాత ఆగిపోతాయి, మళ్ళీ బకెట్టు పొయ్యాలి". ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "కాలవకి వాటం ఇచ్చావా?" "వాటం అంటే?" "చదునుగా తవ్వితే నీళ్ళు ఎక్కడికి పోతాయిరా? దించు."

బాబు ఏడో గడి దగ్గర ఒక్క గడి లోతు దించాడు. నీళ్ళు కింద పడి మళ్ళీ ఏడు గడులు పారాయి! మావయ్యగారు కుర్చీలోంచి లేచిపోయారు. "డ్రాపు! దాన్ని డ్రాపంటారు! ఇంకోటి పెట్టు!" అని అరుపు. కింద పడవలో వెళ్తున్నవాళ్ళు ఎవరికో ఏదో అయిందని పైకి చూశారు.

ఇప్పుడు తాతామనవళ్ళు గన్నవరం ఆక్విడెక్ట్, అదే నది మీదుగా కాలవని దాటించే వంతెన, కడుతున్నారు. కొత్తది కాదు, 49 కమానుల పాతది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి 49 ఉండాల్సిందే అంటారు, వీడికి 31 దగ్గర నది అయిపోయింది. నది వెడల్పు చెయ్యమంటున్నారు. రాత్రి తొమ్మిదింటికి నేను ఆపించాల్సి వస్తోంది, వాణ్ణి కాదు, ఆయన్ని.

కాలవగట్టు_పెద్దాయన
లస్కరుగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. ఆయన పనిచేసింది ఏ కాలవ మీద?

లంక_కోడలు
గన్నవరం కాలవేనండి.

బల్లకట్టు_రేవు
నాకు ఈ పక్కన కూర్చోవడం సిద్ధాంతం పూర్తిగా నచ్చలేదు. మా నాన్న మా గోలీల ఆటలోకి ఎప్పుడైనా వచ్చాడా? పెద్దవాళ్ళు కనపడకపోవడమే ఆ ఆటలో మజా. ఇప్పుడు చదువులో మనమే, ట్యూషన్‌లో మనమే, ఆటలో కూడా మనమేనా? మా తమ్ముడు కొడుకుతో కలిసి ఆడతానని మొదలెట్టి, ఇప్పుడు వాడికి కోచింగ్ ఇస్తున్నాడు. "నువ్వు పొరపాటు చేశావు, కవర్ తీసుకోవాలి". కుర్రాడు ఆ ఆటే మానేశాడు.

లాకుల_రాజు
అదిగో, మానిపించే పద్ధతి దొరికింది. చెరువుగట్టుగారూ, మీరు కోచింగ్ మొదలెట్టండి.

దింపుకాయ
రాజుగారు జోకేశారు! తేదీ రాసిపెట్టుకోండి.

చెరువుగట్టు_భీమవరం
మీరందరూ ఆట పేరు తెలీదా అని ఎగతాళి చేశాక, నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ మా అమ్మని అడిగాను. ఊరికే అడిగాను, ఆవిడకేం తెలుస్తుందిలే అని. పేరు చెప్పింది. నోరు తిరక్క సగం విరిచింది గానీ చెప్పింది. ఇంకా ఏం తెలుసు అంటే, మొదలెట్టింది.

వాడితో ఆడేది ముగ్గురట. ఇద్దరు క్లాసువాళ్ళు, ఒకడు పాలకొల్లులో మా చెల్లెలి కొడుకు. మా చెల్లెలి భర్తకీ నాకూ మూడేళ్ళుగా గట్టు గొడవ, రాకపోకలు లేవు. పిల్లలు రోజూ రాత్రి కలుస్తున్నారన్నమాట, నాకు తెలీదు. ఆ చొక్కాలు నాలుగు కొన్నాడట, నలుగురికీ ఒకేలా. మా మేనల్లుడికి పుట్టినరోజని.

అన్నం ఎలా పెడుతున్నావమ్మా ఆట మధ్యలో అంటే, "గొడుగేసుకుని దిగేటప్పుడు పిలిస్తే రాడు రా. మ్యాపులో గుండ్రం ఉంటుంది, అది చిన్నదవుతూ వస్తుంది. బాగా చిన్నదయ్యాక కలపడం మొదలెడతాను. ముద్ద అయ్యేసరికి వీడు చచ్చిపోయో గెలిచో ఉంటాడు" అంది. 71 ఏళ్ళ మనిషి. రెండో తరగతి దాకా చదువుకుంది.

నేను చెరువులో చెక్ ట్రే రోజుకి నాలుగుసార్లు ఎత్తి చూస్తాను, ఎంత మేత తిన్నాయి, ఎంత మిగిలింది అని. చూడకుండా ఒక్క కేజీ వెయ్యను. ఇంట్లో ఇది జరుగుతోందని మాత్రం... సరేలెండి.

అమ్మకి పిన్ సంగతి తెలుసా అని కూడా అడిగాను. అది తెలీదట. డబ్బు మాట వాడు ఆవిడ దగ్గరా దాచాడు. అందుకు ఆవిడకీ కోపంగానే ఉంది.

నూబ్_కాకినాడ
మామ్మగారికి నా స్క్వాడ్‌లో చోటు ఖాయం.

బల్లకట్టు_రేవు
6,240 సంగతి? 1930 కి ఫోన్ చెయ్యండి, వెంటనే చేస్తే డబ్బు ఆపుతారట.

ప్లీడరు_గుమాస్తా
1930 సైబర్ మోసాలకండి. ఇక్కడ మోసగాడు ఎవడు? ఇంట్లో పిల్లాడు సరైన పిన్ కొట్టాడు. ఎవడో "తక్కువ ధరకి డైమండ్లు" అని లింకు పంపి డబ్బు తీసుకుని ఇవ్వకపోతే అప్పుడు 1930. అలాంటి లింకులకి పిల్లలు బాగా పడతారు, అది కూడా ఒకసారి అడిగి చూడండి.

సెంటర్_సెల్‌షాపు
ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే అందులోనే ఆర్డర్ల చరిత్ర ఉంటుంది, అక్కడ రీఫండ్ అడగచ్చు. 48 గంటల లోపు అయితే తేలిక, తర్వాత వాళ్ళ ఇష్టం. ఇకముందు ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా అందులోనే పెట్టుకోవచ్చు. గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టుకుంటే కొత్త ఆట దించాలన్నా మీ ఫోన్‌లో మీరు ఒప్పుకోవాలి, రాత్రి ఇన్ని గంటలకి ఫోన్ పడుకోవాలి అని కూడా పెట్టచ్చు. నా కొట్టుకి వస్తే పది నిమిషాల్లో పెట్టిస్తాను, డబ్బులు తీసుకోను. పిల్లాణ్ణి కూడా తీసుకురండి, వాడి వెనక చెయ్యద్దు. వెనక చేస్తే వాడు తీసెయ్యడం నేర్చుకుంటాడు.

మీ పిన్ మాత్రం ఈసారి మీ పెళ్ళిరోజు పెట్టకండి.

చెరువుగట్టు_భీమవరం
అదే పెట్టాను. మార్చేశాను ఇప్పుడే.

రాత్రి ఫోన్ బీరువాలోంచి తీసి వాడి ముందు పెట్టాను. తీసుకోలేదు. ఆ గుండ్రం ఏంటో నాకూ చూపించరా అన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు, తర్వాత తెరిచాడు. నా చేతికి ఇచ్చాడు. నేను దిగీ దిగగానే ఒక ఇంటి గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాను, ఎంత తోసినా కదలడు. వెనక నుంచి ఎవడో కాల్చేశాడు. మొత్తం నిమిషం కూడా లేదు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. ఫోన్ తీసుకుని, "బొటనవేలు తియ్యకూడదు" అన్నాడు. అంతే. మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాడు. ఫోన్ మాత్రం హాల్లోనే వదిలేశాడు.

డబ్బు నెలకి 300 చొప్పున వాడి పాకెట్ మనీలో తగ్గిస్తామని మా ఆవిడ చెప్పింది, తలూపాడట. కొట్టినదాని గురించి నేనింకా ఏమీ అనలేదు. ఎలా అనాలో తెలీడం లేదు.

కువైట్_అమ్మ
అనండి. మా అమ్మ "ఎందుకులేవే" అంది గానీ, అన్నాక ఫోన్ పెట్టెయ్యలేదు.

లాకుల_రాజు
నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను. కానీ ఆ గట్టు గొడవ తేల్చుకోండి, పిల్లలు మీకంటే నయంగా ఉన్నారు.

లంక_కోడలు
మధ్యలో అడ్డొస్తున్నాను, నూబ్ బాబూ ఉన్నావా? ఆక్విడెక్ట్ 40 కమానులు దాటింది. ఇప్పుడు మా మావయ్యగారికి లాకు తలుపులు కావాలట. ఎత్తితే లేవాలి, దించితే నీళ్ళు ఆగాలి. మా బాబు ఏదో పిస్టన్ అంటున్నాడు, పెడితే తలుపు పైకి వెళ్తోంది గానీ కిందికి రావడం లేదు. పెద్దాయన నిద్రపోవడం లేదు.

నూబ్_కాకినాడ
మామూలు పిస్టన్ తొయ్యడమే, వెనక్కి లాగదు. ఆకుపచ్చ జిగురు పూసిన పిస్టన్ పెట్టమనండి. జిగురు కోసం రాత్రిపూట చిత్తడి నేలల్లో వెతకాలి.

లంక_కోడలు
చిత్తడి నేలంటే ఆయనకి బాగా తెలుసులే. ఉండు, చెప్తాను.